బర్రెల కొట్టంలో రాస్ప్‌బెర్రీలు

మా ఇల్లు పురానాపూల్‌కు సమీపంలో, మూసీ వైపు దిగే ఒక సన్నని గల్లీలో ఉండేది. ఇంటి ముందు భాగం చిన్నది, వెనుక భాగం పెద్దది. ముందు భాగంలో మేము ఉండేవాళ్ళం, వెనుక భాగంలో బర్రెలు ఉండేవి. మా తాత కాలం నుంచి మాది పాల వ్యాపారం. ఆ ఇంట్లో పుట్టి కాలేజీలో చదివి పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. నేను రాయబోయే సంగతిలో నా చదువు ఎంతవరకు పనికివచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పవలసి వస్తుంది గనుక ముందుగా చెబుతున్నాను.

నేను సర్కారు కచేరీలో గుమాస్తాగా చేరిన రెండో వానాకాలంలో బర్రెలకు గొంతువాపు రోగం వచ్చింది. మా గల్లీలో చాలా కొట్టాలు సగం ఖాళీ అయ్యాయి. మాది పూర్తిగా ఖాళీ అయింది. చివరి బర్రె పోయిన రోజున మా బాపు దాని మెడలోని పలుపుతాడు విప్పి, కడిగి, కొట్టంలో గుంజకు తగిలించాడు. మళ్ళీ బర్రెలను కొందామని చుట్టుపక్కలవాళ్ళు చెప్పి చూశారు. ఆయన వినలేదు. ఆ నేల మీద మరొక ప్రాణిని కట్టివేయడానికి తనకు చేతులు రావని అన్నాడు.

మొదట కొన్నాళ్ళు అలవాటు ప్రకారం తెల్లవారకముందే లేచి, పాలు పితికే వేళకు కొట్టంలోకి పోయి, మేత వేసే గాడి అంచున కూర్చునేవాడు. అది చూసి మా అమ్మ బాధపడేది. తరువాత ఆయన లేవడమే మానేశాడు. ఎండ పడకటింటి గడప దాటి లోపలికి వచ్చినా మంచం మీదనే కళ్ళు తెరుచుకుని పడుకుని ఉండేవాడు. అప్పుడు మా అమ్మకు భయం పట్టుకుంది. లేచి కూర్చుని ఏడ్చినా నయమే, లేవకపోవడం మాత్రం చూడడం తన వల్ల కాదని నాతో చెప్పింది. హకీము వచ్చి నాడి చూసి, జబ్బేమీ లేదన్నాడు. జబ్బు లేదనే మాట వినడం ఒక్కొక్కసారి ఎంత కష్టమో నాకు ఆ రోజున తెలిసింది.

కొట్టం నేల తరాల తరబడి పేడ తిన్న నేల. అక్కడ ఏది నాటినా పండుతుందని నేను బీరగింజలు, చిక్కుడుగింజలు తెచ్చి పెట్టాను. అవి నాలుగు వానలకే గుంజల మీదికి ఎగబాకాయి. బాపు వాటి వంక చూడలేదు. ఒకసారి బలవంతంగా చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి చూపిస్తే, ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"బీరతీగకు నేనుంటేంది, లేకుంటేంది బిడ్డా. వానొస్తె అదే పారుతది. దానికి నాతోని ఏం పని?"

మా కచేరీలో నా పై అధికారి నీలగిరులలో పుట్టి పెరిగిన పెద్దమనిషి. ఊరికి ఉత్తరాన ఆయనకు పెద్ద తోట ఉండేది. చిన్ననాడు తిన్న రాస్ప్‌బెర్రీల మీద మమకారం చంపుకోలేక, ఎక్కడెక్కడి నుంచో రకరకాల మొక్కలు తెప్పించి కుండీలలో పెంచేవాడు. చాలావరకు చనిపోయేవి. మధ్యాహ్నం భోజనాల వేళ వాటి చావుబతుకుల గురించి మాకు చెబుతుండేవాడు. ఈ ఊరి ఎండలో ఆ మొక్క తనంతట తాను బతకదని, పక్కన ఒక మనిషి పొద్దస్తమానం ఉండి బతికించాలని, ఉద్యోగం చేసుకునే తన వంటివాడికి అది సాధ్యం కాదని ఒకనాడు అన్నాడు. నేను తింటున్న ముద్ద పక్కన పెట్టి, ఆయనను ఒక మొక్క అడిగాను.

ఆయన మొదట ఒక పుస్తకం ఇచ్చి, చదివి ఏ రకం కావాలో చెప్పమన్నాడు. అది ఇంగ్లండులోని ఇంటి తోటల కోసం రాసిన పుస్తకం. నేను పరీక్షకు చదివినంత శ్రద్ధగా చదివాను. తొందరగా కాపుకు వచ్చే రకాలు, ఆలస్యంగా వచ్చేవి, మంచును తట్టుకునేవి, మురబ్బాకు పనికివచ్చేవి, అన్నీ విడివిడిగా వివరించి ఉన్నాయి. వైశాఖమాసపు ఎండను తట్టుకునే రకం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఏ రకానికి మెప్పు ఎక్కువగా రాసి ఉన్నదో ఆ ఎర్రని, పెద్ద పండ్ల రకమే కావాలని చెప్పాను. ఆయన నవ్వాడు. నేను అడిగినది ఇస్తూనే, దానితోపాటు మరి రెండు ఇచ్చాడు. ఒకటి ఉత్తరాన హిమాలయాల వైపు పెరిగే పసుపుపచ్చని పండ్ల రకం. రెండవది ఆయన సొంత కొండలలోని నల్లని పండ్ల రకం. దాని కొమ్మలు విభూతి పూసినట్టు తెల్లగా ఉన్నాయి. ఆశ పెట్టుకుంటే ఆ నల్లదాని మీదే పెట్టుకొమ్మన్నాడు.

తడి గోనెపట్టాలో చుట్టిన ఆ మొక్కలను నేను మంచం పక్కన దించినప్పుడు, బాపు తల ఎత్తి చూశాడు. అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఏం తింటది ఇది?"

ఆకుమట్టి, పాత పేడ అని చెప్పాను.

"నీళ్ళు?"

"కొంచెం కొంచెం, దినమంతా ఇయ్యాలె బాపు."

"ఎండకు ఓరుస్తదా?"

"ఓర్వదు."

"మరి ఎందుకు తెచ్చినవ్ రా?"

"నువ్వు చూసుకుంటవని."

మరునాడు నేను లేచి వెళ్ళేసరికి కొట్టంలో గడ్డపార చప్పుడు వినబడింది. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, చప్పుడు చేయవద్దని నాకు చేతితో సైగ చేసింది.

ఆ తరువాత ఆయన ఆ మొక్కలకు చేసిన సేవ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. కొట్టంలో ఉత్తరపు గోడ వెంట, పొద్దుటి ఎండ మాత్రమే పడే చోట వాటిని నాటాడు. ఎండాకాలం రాగానే అఫ్జల్‌గంజ్ నుంచి వట్టివేళ్ళ తడికెలు మోసుకువచ్చి చుట్టూ కట్టాడు. ధనవంతుల ఇళ్ళలో కిటికీలకు కట్టి నీళ్ళు చల్లే తడికెలను మా వాళ్ళు మొక్కలకు కట్టారని గల్లీలో చాలా రోజులు నవ్వుకున్నారు. నవాబుల దేవిడీలోని దొరసానులను తెచ్చి కూర్చోబెట్టినవా భాయ్ అని దారిన పోయేవాళ్ళు అడిగేవారు. బాపు అవునని తల ఊపి, చెంబుతో తడికెల మీద నీళ్ళు చల్లేవాడు. ఆకుల అంచులు మాడితే మా అమ్మ వచ్చి చూసి, దీనికి వేడి చేసిందని తేల్చింది. పొరుగింటి నుంచి సల్ల, అంటే మజ్జిగ, అడిగి తెచ్చి, పలుచగా నీళ్ళు కలిపి మొదలు దగ్గర పోసింది. సల్ల పోస్తే మొక్కకు చలువ చేస్తుందా లేదా అని పుస్తకం ఏమీ చెప్పలేదు గనుక నేను అభ్యంతరం చెప్పలేదు.

నేను ఎంచుకున్న ఎర్రది ఆ ఎండలను దాటలేదు. తడికెలు, తడి గోనెలు, సల్ల, ఏదీ దాన్ని నిలబెట్టలేదు. చివరి రోజులలో బాపు దాని పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరాడు. పాలు తాగలేని దూడను ఎట్లా చూస్తూ కూర్చునేవాడో అట్లాగే కూర్చున్నాడు. నాకు భయం వేసింది, మళ్ళీ మంచం పట్టుతాడేమోనని. ఆయన పట్టలేదు. మిగిలిన రెండింటికీ దాహమవుతుందని లేచాడు.

హిమాలయాల పసుపుపచ్చది బతికింది. బతకడమే కాదు, ఒళ్ళంతా నూగుతో, పెద్ద పెద్ద ఆకులతో పొదలాగా పెరిగింది. పూత మాత్రం రాలేదు. చల్లని దేశపు చలి తగలనిదే కొన్ని రకాలు పూయవని పుస్తకంలో ఉంది. కాపు లేని రకాన్ని తీసివేసి, కాచేదానికి చోటు ఇవ్వాలని కూడా ఉంది. నేను ఆ వాక్యాన్ని తెలుగులో వివరించి చెప్పాను. బాపు నా ముఖం వైపు చూసి, గొడ్డుదని గుంజి పారేస్తమా అని అడిగాడు. అటుగా వచ్చిన మా అమ్మ కడవ దించి, నాకు జవాబు చెప్పింది.

"పెండ్లయిన ఎన్నేండ్లకు నిన్ను కన్నననుకున్నవ్ కొడుకా? అప్పుడు మీ నాయనకు నీ అసొంటి సదువుకున్నోడు సలహా చెప్పలేదు, బతికిపోయిన."

బాపు నవ్వాడు. పచ్చది అక్కడే ఉండిపోయింది.

నల్లది చలికాలం చివర పూసింది. పూలు చిన్నవి, గులాబి రంగువి. మొదట ఎర్రబడి, తరువాత నల్లబడి, మీద సన్నని తెల్లని నూగుతో పండ్లు వచ్చాయి. చిటికెనవేలి కొసంత ఉండేవి. పులుపు, తీపి, మధ్యలో పంటికి తగిలే గింజలు. నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఎవరికీ ఆ రుచి అంతగా నచ్చలేదు. నేరేడుపండు ఇంతకంటే నయమని మా అమ్మ అన్నది. కానీ బాపు ఆ పండ్లను తినడానికి కోయలేదు. పాలు కొలిచే పాత గిన్నెను చింతపండుతో తోమి, అందులో పండ్లు పోసుకుని, తాను ఒకప్పుడు పాలు పోసిన వాడిక ఇండ్లకు బయలుదేరాడు.

అది శుక్రవారం. కచేరీకి వారపు సెలవు అదే కావడం వల్ల నేనూ వెంట వెళ్ళాను. అన్నిటికంటే పాత వాడిక ఒక దేవిడీ వెనుక వాకిలి. అక్కడ పరదా వెనుక నుంచి ఒక ముసలి బేగం మాట్లాడుతుంది. బాపు ఆమె గొంతు తన పెళ్ళికి ముందు నుంచీ వింటున్నాడు, ముఖం ఎన్నడూ చూడలేదు. ఆయన గిన్నె గడప మీద పెట్టి దగ్గగానే లోపలి నుంచి గొంతు వినబడింది.

"కౌన్, దూద్ వాలే భాయ్? మై సమ్జీ తుమ్ భీ భైంసాఁ కే సంగాత్ చలే గయే."

నీవు కూడా నీ బర్రెల వెంట పోయావనుకున్నాను అని ఆమె వేళాకోళం. బర్రెల పేరు ఎత్తితే మా ఇంట్లో మేము ఊపిరి బిగబట్టేవాళ్ళం. బాపు మాత్రం గడప వైపు వంగి, పోవాలనే అనుకున్నాననీ, వీటికి నీళ్ళు పోసేవాడు లేక ఆగిపోయాననీ ఉర్దూలో చెప్పాడు. లోపల ఆమె నవ్వు వినబడింది. ఖాళీ గిన్నె చక్కెర పలుకులతో తిరిగి వచ్చింది. ఆ రోజున ఇంటికి వస్తూ ఆయన నా కంటే ముందు నడిచాడు. మా అమ్మ కోరుకున్నది జరిగిందని, ఇక భయం లేదని నేను అనుకున్నాను.

పండ్లు అయిపోయాక నా పై అధికారి తన కత్తెర ఇచ్చి, చేయవలసిన పని చెప్పాడు. ఈ జాతి మొక్కలో ఒక కొమ్మ ఒక ఏడు పెరుగుతుంది, మరుసటి ఏడు కాస్తుంది, తరువాత ఎండిపోతుంది. కాచిన కొమ్మను నేలమట్టానికి కోసివేయాలి. అప్పుడే వేరు నుంచి వచ్చే కొత్త పిలకలకు గాలి, వెలుతురు, బలం అందుతాయి. కోయకపోతే పాతవి కొత్తవాటిని ఊపిరాడకుండా చేస్తాయి. తెగులు పట్టి పొద మొత్తం పోతుంది. పుస్తకం కూడా అదే చెప్పింది. ఈ ఒక్క విషయంలో ఇంగ్లండుకు, నీలగిరులకు, మా కొట్టానికి తేడా లేదు.

నేను ఇది చెబుతున్నంతసేపు బాపు కత్తెరను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. తరువాత అది నాకే తిరిగి ఇచ్చాడు.

"కాసిందాన్నే కొయ్యమంటున్నవ్."

"అవును బాపు. అది ఇగ కాయదు."

"వట్టిపోయిన బర్రెను కసాయికి ఇచ్చిన దినం ఉన్నదా బిడ్డా ఈ ఇంట్ల?"

నిజంగా లేదు. పాలు తాగిన ఇంట్లో ఆ బర్రెకు ప్రాణం పోయేదాకా మేత వేయాలన్నది మా తాత పెట్టిన కట్టుబాటు. మా గల్లీలో అందరూ అమ్ముకున్న కష్టకాలంలో కూడా మా కొట్టంలో పాలివ్వని ముసలి బర్రెలు పాలిచ్చేవాటితో సమానంగా కుడితి తాగేవి. నేను ఆ ముసలి బర్రెల మధ్యనే ఆడుకుని పెరిగాను. మొక్క వేరు, పశువు వేరు అని చెప్పబోయాను. కానీ ఆ మొక్కను నేను తెచ్చింది పశువు బదులుగానే. ఏం తింటది అని ఆయన అడిగిన రోజున, ఇది మొక్క, తినదు అని నేను చెప్పలేదు. ఇప్పుడు ఏ ముఖంతో చెప్పగలను?

చాలా రోజులు ఆ మాట మా మధ్య నలిగింది. చివరకు ఆయనే ఒకనాటి పొద్దున నన్ను పిలిచి, నువ్వు చదువుకున్నోనివి, ఒక్కటి కొయ్యి, చూస్తా అన్నాడు. నేను కూర్చుని అన్నిటికంటే ఎండిన కొమ్మను మొదలు దగ్గర కోశాను. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని, పారవేయకుండా, పలుపుతాడు వేలాడే గుంజకు ఆనించి నిలబెట్టాడు. నేలలో మిగిలిన మొదలుకు, గాయానికి పెట్టినట్టు పసుపు పెట్టాడు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

మరునాడు ఆయన లేవలేదు. ఆ మరునాడు కూడా లేవలేదు. తడికెల మీద నీళ్ళు నేనే చల్లాను. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ఆయన మళ్ళీ పాతరోజులలో వలె కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉన్నాడు. మా అమ్మ నా చేతిలో కత్తెర చూసి, అది తీసుకుపోయి ఇచ్చినవారికి ఇచ్చిరమ్మన్నది. పుస్తకంలో రాసి ఉన్నదంతా నిజమేనని, ఇవి కోయకపోతే తోట చస్తుందని ఆమెకు చెప్పాను. ఆమె కోపగించుకోలేదు.

"తోట సంగతి నువ్వు చెప్తున్నవ్. నేను మనిషి సంగతి చెప్తున్న."

కత్తెర తిరిగి ఇచ్చివేశాను. ఆ సాయంత్రం బాపుకు, ఇక ఒక్క కొమ్మ కూడా కోయనని చెప్పాను. మరునాడు పొద్దున్నే కొట్టంలో నీళ్ళ చప్పుడు వినబడింది.

వానలు పడ్డాక, నేను కోసిన చోట నుంచే ఒక పిలక పుట్టి మిగిలినవాటికంటే బలంగా, విభూతి రంగుతో పైకి లేచింది. ఋజువు కళ్ళ ముందే ఉంది. నేను దాన్ని చూపించాను. బాపు దాని చివుళ్ళు వేళ్ళతో తాకి, చాలా ప్రేమగానే చూశాడు.

"మంచిగున్నది. నేను కాదంటలేను. గని పెద్దది యాడికి పోయింది బిడ్డా?"

నేను గుంజకు ఆనించి ఉన్న ఆ ఎండు కొమ్మ వైపు చూశాను.

దీపావళి మరునాడు మా గల్లీలో దున్నపోతులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, డప్పులతో ఆడించారు. బర్రెలు పోయిన తరువాత ఆ రోజున మా బాపు తలుపు వేసుకుని లోపల ఉండేవాడు. ఆ ఏడు తలుపు తీసి ఉంచాడు. కొట్టంలోని కొమ్మలను తడిగుడ్డతో తుడిచి, బంతిపూల దండలు కట్టాడు. పచ్చని కొమ్మలకు ఎన్ని కట్టాడో ఎండిన వాటికీ అన్నే కట్టాడు. దున్నను నడిపించుకుంటూ వచ్చిన మా పెదనాయన కొడుకు వాకిట్లో ఆగి చూసి, నవ్వబోయి, బాపు ముఖం చూసి మానుకున్నాడు. తన దున్న మెడలోంచి ఒక దండ తీసి ఇచ్చి, చిన్నబాపూ, ఇదీ కట్టు అన్నాడు.

తరువాతి చలికాలం వెళ్ళేసరికి పండ్లు గిన్నెలో సగానికి వచ్చాయి. దాని తరువాతి ఏడు దోసిటి అడుగున కొన్ని. బేగం ఆ కొన్నిటినే తీసుకుని, నీ మొక్కలకు కూడా నా లాగా వయసు వచ్చిందా భాయ్ అని అడిగిందట. ఎండిన కొమ్మలు పడిపోకుండా బాపు కర్రలు పాతి, పలుపుతాళ్ళతో కట్టాడు. ఆ గుబురులో గాలి ఆడక, పిలకలు తెల్లబడి వంగిపోయేవి. ఆకుల మీద నల్లని మచ్చలు వచ్చాయి. పచ్చది కూడా ఆ తెగులుతోనే పోయింది. నేను రోజూ కచేరీకి పోయే ముందు చూసేవాణ్ణి. ఏ కొమ్మ కోస్తే ఏ పిలక బతుకుతుందో నాకు కనబడుతూనే ఉండేది. వేలు పెట్టి చూపించగలిగేవాణ్ణి. చూపించలేదు. నా పై అధికారి పొద ఎట్లా ఉందని అడిగినప్పుడు, మా నాన్నగారు బాగున్నారని చెప్పాను. ఆయన అర్థం చేసుకున్నాడో లేదో గాని మళ్ళీ అడగలేదు.

ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులలో ఒక ఎండాకాలం, కొట్టంలో పచ్చటి ఆకు అన్నది మిగలలేదు. కర్రలకు కట్టిన బూడిదరంగు కొమ్మలు, వాటి చుట్టూ వట్టివేళ్ళ తడికెలు. బాపు ఎప్పటి వలెనే తెల్లవారకముందు లేచి తడికెల మీద నీళ్ళు చల్లుతున్నాడు. మా అమ్మ చాలా రోజులు ఓర్చుకుని, ఒక పొద్దున అడిగింది.

"అన్నీ ఎండిపోయినయి. నీకు ఎరుక లేదా?"

"ఎరుకనే."

"మరి?"

"వట్టిపోయిందని నీళ్ళు పెట్టుడు బంద్ చేస్తమా?"

ఆమె నా వైపు చూసింది. నా వద్ద ఏదైనా మాట ఉన్నదేమోనని చూసినట్టున్నది. గోనెపట్టా తడిపి గోడకు కట్టవలసి ఉంది. అది బాపు ఒక్కడే పట్టుకుంటే నేలకు జారుతుంది. నేను చొక్కా చేతులు పైకి మడిచి, రెండో కొస పట్టుకున్నాను.